తీసేయమన్న అధ్యాయం

నాకు డాక్టరేట్ వచ్చింది ఒక మాటను తప్పుగా అర్థం చేసుకోవడం వల్ల. ఈ సంగతి సభల్లో చెబితే వినేవాళ్లు వినయమనుకుని చప్పట్లు కొడతారు. వినయం నా ఒంటికి పడదు. ఆ తప్పు చేయకపోతే నేనూ అందరిలాగే ఆలోచించి, అందరిలాగే రాసి, తొందరగా పట్టా పుచ్చుకుని ఉండేదాన్ని. ఆ థీసిస్‌ను ఈపాటికి ఏ బీరువాలోనో చెదలు తినేసి ఉండేవి. అందుకే ఆ తప్పు నాదేనని గర్వంగా చెప్పుకుంటాను.

ఆ మాట దుంకుడు. మా మెట్‌పల్లి వైపు చెరువు నిండి, మిగులు నీళ్లు కట్ట కొసన కట్టిన రాతి గోడ మీదుగా పోతుంటే మత్తడి దుంకుతున్నది అంటారు. ఆ గోడే మత్తడి. కోస్తా వాళ్లు దాన్ని అలుగు అంటారు, అలుగు పారుతోంది అంటారు. మా దగ్గర నీళ్లు పారవు, దుంకుతాయి. మత్తడి దుంకిందని తెలిస్తే వంటలు పొయ్యి మీదే వదిలేసి జనం చూడటానికి పోయేవాళ్లు.

అరవై తొమ్మిదిలో నేను కరీంనగర్‌లో మిషన్ హాస్టల్లో ఉండి పీయూసీ చదువుతున్నాను. ప్రత్యేక రాష్ట్రం కావాలని ఉద్యమం వచ్చి కాలేజీలు మూతపడ్డాయి. మళ్లీ ఎప్పుడు తెరుస్తారో ఎవరూ చెప్పలేకపోయారు. ట్రంకు పెట్టె పట్టుకుని మెట్‌పల్లి వచ్చేశాను. హాస్టల్ మూసే హడావుడిలో లైబ్రరీకి తిరిగివ్వని కాలిక్యులస్ పుస్తకం ఒకటి ఆ పెట్టెలోనే ఉంది. మాది మెథడిస్టు సంఘపు వాడ. అక్కడ ఆడపిల్ల పీయూసీ దాకా రావడం పెద్ద వింత. ఆ చదువు ఆగిపోవడం మాత్రం ఎవరికీ వింతగా తోచలేదు. ఆదివారం చర్చి నుంచి బయటికి వస్తుంటే "ఇగ సాలు తియ్ బిడ్డా, సదివినకాడికి సాలు" అని ఒకరి తర్వాత ఒకరు ఓదార్చేవాళ్లు. ప్రేమగానే అనేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

బాపు పెద్ద కాల్వ తవ్వే పనికి పోయి ఎప్పుడో గాని ఇంటికి వచ్చేవాడు కాదు. అవ్వ, అంటే మా అమ్మ, ఇంట్లో బీడీలు చుట్టేది. నేను వచ్చిన మర్నాడే ఒక చాట నా ముందుకు తోసింది.

"కాలేజి బందైతే బందాయె. చేతులు బంద్ కాలే గద. ఆకు కత్తిరియ్యి."

"నేను సదువుకోవాలె అవ్వా."

"సదువుకో, ఎవలొద్దన్నరు? కండ్లతోని సదువు, చేతులతోని బీడీ చెయ్యి."

ఎగతాళి చేసిందో, నిజంగానే దారి చూపించిందో నాకు ఇప్పటికీ తెలియదు. నేను అలాగే చేశాను. తునికాకు కత్తిరించి, పొగాకు నింపి, దారం చుట్టేలోపు ఒక లైను చదివేదాన్ని. ఆ తర్వాతి బీడీ అయ్యేలోపు ఆ లైను గురించి ఆలోచించేదాన్ని. అంత నిదానంగా చదివితేనే లెక్కలు నాకు ఒంటబట్టాయి. తర్వాతి రోజుల్లో పెద్ద లైబ్రరీల్లో ఫ్యాను కింద కూర్చుని గబగబా చదివినవాటిలో సగం గుర్తులేవు.

ఆ వానకాలం చెరువు నిండింది. నేను రోజూ మత్తడి దగ్గరికి పోయి కూర్చునేదాన్ని. కాలేజీ లేని కోపం కొంత ఆ రొదలో కలిసిపోయేది. చూడగా చూడగా ఒక విషయం కళ్లబడింది. నీళ్లు అంచు దాటగానే కిందికి దుంకి, అడుగునే పారి, కాస్త దూరంలో నురగలు కక్కుతూ పైకి లేచేవి. కింద వాగుకు వరద వచ్చి అక్కడి మట్టం పెరుగుతున్నా నీళ్లు దుంకుతూనే ఉండేవి. ఇంకా పెరిగితే ఒక్కసారిగా దుంకడం మానేసి, వాగు నీటి మీద అలలు అలలుగా తేలిపోయేవి. ఇంతవరకు ఎవరైనా చూసేదే. వరద తీసేటప్పుడే తమాషా. వాగు మళ్లీ పొద్దుటి మట్టానికి దిగిపోయినా నీళ్లు దుంకేవి కావు. పొద్దున ఏ మట్టం దగ్గర దుంకాయో, సాయంత్రం అదే మట్టం దగ్గర తేలుతూ ఉండేవి. చాలాసేపటికి, వాగు ఇంకా కిందికి దిగాక, అప్పుడు మళ్లీ దుంకేవి.

అదేమిటని అవ్వను అడిగాను.

"నీళ్లకు నీళ్ల ఇష్టం. నీకెందుకే గా ఫికర్?" అంది, ఆకు మీంచి కళ్లెత్తకుండానే.

కాలేజీలు తెరిచారు. కరీంనగర్‌లో డిగ్రీ అయింది, పట్నంలో యూనివర్సిటీలో ఎమ్మెస్సీ లెక్కల్లో చేరాను. అక్కడ నీటి ప్రవాహాల గణితం చెప్పే ప్రొఫెసరు గారు కృష్ణా జిల్లా మనిషి. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా, బోర్డు మీద ముత్యాల్లాంటి రాత. ఒకనాడు సెమినారులో హైడ్రాలిక్ జంప్ అంటే ఎవరికైనా తెలుసా అని అడిగారు. పుస్తకం ఇంకా ఎవరూ తెరవలేదు. నేను చెయ్యెత్తాను. జంప్ అంటే దుంకుడే కదా, నీళ్ల దుంకుడు మెట్‌పల్లి పిల్లకు తెలియకపోవడమేమిటి? బోర్డు దగ్గరికి పోయి గోడ గీశాను, గోడ వెనక చెరువు గీశాను, అంచు మీంచి కిందికి దుంకే నీళ్లు గీసి, అక్కడ ఒక బాణం గుర్తు పెట్టాను.

"అది పడటం అమ్మా, జంప్ కాదు," అన్నారాయన. "కింద పలచగా, వేగంగా పారే నీరు ఒక్కసారి లేచి లోతుగా, నెమ్మదిగా అవుతుందే, దాన్ని జంప్ అంటారు. నువ్వు గీసినదానికి అసలు పేరే లేదు."

క్లాసు గొల్లుమంది. వెనక బెంచీలోంచి ఎవరో "దుంకుతున్నదట" అని నా యాసలో అన్నారు. చాక్‌పీసు కింద పెట్టి వచ్చేయాల్సింది. పెట్టలేదు.

"మా దగ్గర దీనికే పేరున్నది సార్. గా కింద లేసేదానికే పేరు లేదు."

క్లాసు ఇంకోసారి నవ్వింది. ఆయన నవ్వలేదు. "అయితే నీ దానికి సమీకరణం రాసుకురా, చూద్దాం," అన్నారు. ఆ మాట ఆయన క్లాసును ఊరుకోబెట్టడానికి అని ఉండొచ్చు. నేను మాత్రం దాన్ని పట్టుకుని పద్నాలుగేళ్లో పదిహేనేళ్లో వేలాడాను, లెక్కపెట్టుకోలేదు.

పుస్తకాల్లో ఈ విషయం రాసినవాళ్లంతా నీళ్లు కిందికి చేరాక లెక్క మొదలుపెట్టేవాళ్లు. దుంకేది ఎట్లా దుంకిందో వాళ్లకు పట్టదు. నా బాణం గుర్తు తప్పు చోట పెట్టాను కాబట్టి నేను అంచు దగ్గర మొదలుపెట్టాను. పుస్తకం ముందే చదివి ఉంటే నా బుద్ధి కూడా అందరితోపాటు కిందనే ఉండేది.

ఎమ్మెస్సీ అయ్యాక ఆదిలాబాద్‌లో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. ఉద్యోగం చేసుకుంటూనే పీహెచ్‌డీకి చేరాను. ఆ ప్రొఫెసరు గారే గైడు. నన్ను తీసుకోవద్దని ఆయనకు నలుగురూ చెప్పారట. ఆదిలాబాద్‌లో కూర్చుని పరిశోధన ఏం చేస్తుంది, పెళ్లి చేసుకుని మానేస్తుంది అని. ఆయన చెవిన పెట్టలేదు. ఈ మాట ఆయన గురించి ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత చెప్పేవి అంత బాగుండవు. సెలవు దొరికినప్పుడల్లా ఎర్ర బస్సెక్కి పట్నం పోయేదాన్ని. నేను రాసినవి ఆయన ఎర్ర సిరాతో దిద్దేవారు. ఒక వాక్యం గణితంలో ఎంత శుభ్రంగా ఉండాలో నాకు నేర్పింది ఆయనే.

తగాదా అంతా ఒక్క పదం దగ్గర వచ్చింది. నీటి సమీకరణంలో వేగాన్ని వేగమే గుణించే పదం ఒకటి ఉంటుంది. నీరు తన వేగాన్ని తానే మోసుకుపోతుంది కాబట్టి అది రాక తప్పదు. నాన్‌లీనియర్ అనే తలనొప్పి అంతా అక్కడే. అది ఉంటే లెక్క ఒక పట్టాన తెగదు, తీసేస్తే చిటికెలో తెగుతుంది. అందుకని ప్రవాహం మీద పుట్టే అలలు చిన్నవి అనుకుని దాన్ని పక్కన పెట్టేస్తారు. చాలా చోట్ల అది న్యాయమే, నేనూ నా విద్యార్థులకు అలాగే చెప్పాను. కానీ చిన్నది, వదిలేయ్ అని ఎవరన్నా నేను ముందు అనుమానంగా చూస్తాను. మా వాడలో పెరిగినవాళ్లకు ఆ అనుమానం ఎవరూ నేర్పక్కరలేదు.

"చిన్నదమ్మా, వదిలేయ్," అన్నారు గైడు గారు.

"ఉంచి చూస్త సార్," అన్నాను.

ఉంచాను. లాగరిథం టేబుళ్లు, పెన్సిలు, తెల్లకాగితాలతో ఎన్ని సెలవులు పోయాయో. చివరికి లెక్క తెగినప్పుడు ఒకే మట్టానికి రెండు సాధనలు వచ్చాయి. ఒకదానిలో నీళ్లు దుంకుతున్నాయి, రెండోదానిలో తేలుతున్నాయి. మట్టం పెంచుకుంటూ పోతే దుంకుడు ఒక చోట ఆగిపోతుంది. దించుకుంటూ వస్తే తేలుడు అక్కడ ఆగదు, ఇంకా చాలా కిందికి వచ్చాక గాని ఆగదు. మధ్యలో ఉన్న మేరలో నీళ్లు దుంకుతాయా తేలుతాయా అన్నది మట్టం చూసి చెప్పలేం, అంతకుముందు ఏం జరిగిందో తెలియాలి. చిన్న పదాన్ని తీసేస్తే ఆ రెండో సాధన మాయమైపోతుంది. కిటికీ కింద పత్తి బండ్లు అరుచుకుంటూ పోతుంటే నేను గదిలో ఒక్కదాన్నే పకపకా నవ్వాను. అంత సంతోషం నాకు పెళ్లినాడు కూడా కలగలేదు, ఈ మాట మా ఆయనకూ తెలుసు.

దాన్ని నాలుగో అధ్యాయంగా రాసి తీసుకుపోయాను. గైడు గారు చదివి, పక్కన పెట్టి, కళ్లజోడు తుడుచుకున్నారు.

"రెండో సాధన కొట్టేయ్. గది పొడవు కట్టమంటే ఒక జవాబు మైనస్ వస్తుంది. దాన్ని కొట్టేయమూ? ఇదీ అంతే. గణితంలో వస్తుంది, ప్రకృతిలో ఉండదు."

"ఉంటది సార్. నేను చూసిన."

"ఎక్కడ?"

"మా చెరువు మత్తడి కాడ."

"చిన్నప్పుడు చూసిందంతా గణితం కాదమ్మా," అన్నారు. కోపంగా అనలేదు. జాలిగా అన్నారు, అదే నన్ను పొడిచింది. అయినా ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. చూశానని నేనంటే ఎవరు నమ్మాలి?

సరే, చూపిస్తానని తొట్టి కట్టించాను. ఆదిలాబాద్ బజారులో చూరు కాల్వలు చేసే రేకుల పనివాడు ఉండేవాడు. మరాఠీ కలిసిన తెలుగు మాట్లాడేవాడు. మనిషి పొడవున్న సన్నటి తొట్టి కావాలి, ఒక పక్క అద్దం ఉండాలి అంటే, "బాయీ, గిండ్ల చేపలు పెంచుతరా?" అని అడిగాడు. అద్దం చుట్టూ లప్పం పెట్టినా కారింది. మళ్లీ పెట్టించాను, మళ్లీ కారింది. తొట్టి మధ్యలో చెక్కతో చిన్న మత్తడి బిగించాను. చివర పైకీ కిందికీ జరిగే రేకు తలుపు పెట్టాను. నీళ్లు దాని మీదుగానే పోవాలి కాబట్టి తలుపు లేపితే కింది మట్టం పెరుగుతుంది, దించితే తగ్గుతుంది. కాలేజీ వెనక నీళ్ల ట్యాంకు దగ్గర దాన్ని నిలబెట్టాను.

ప్రిన్సిపాల్ గారు వచ్చి చూసి పరేషాన్ అయ్యారు. "మేడం, మీది లెక్కల డిపార్ట్‌మెంటు. గీ తొట్టేందుల్లా? ఆడిట్ వాళ్లొచ్చి అడిగితే ఏం జెప్పాలె? జర సోంచాయించుండ్రి."

"లెక్క సరిపోయిందా లేదా అని తాళె జూస్తున్న అని చెప్పుండ్రి సార్."

ఆయన నీళ్లు నమిలి వెళ్లిపోయారు. మంచివారు, అడ్డుపడలేదు. కాలేజీలో దానికి మేడం మత్తడి అని పేరు పడింది. జైనూర్ వైపు నుంచి వచ్చి చదువుకునే ఆడపిల్లలు కొందరు మధ్యాహ్నం అన్నం గిన్నెలు అక్కడికే తెచ్చుకుని, తింటూ చూసేవాళ్లు. కొన్ని నెలలు ఏమీ జరగలేదు. నీళ్లు ఎక్కువైతే పొర్లిపోయేవి, తక్కువైతే రేకుకు అంటుకుని జారేవి. స్టాఫ్‌రూములో నా వెనక నవ్వుకునే సంగతి నాకు తెలుసు. చెక్క మత్తడి అంచు చెక్కి చెక్కి సరిచేశాక ఒకరోజు పనిచేసింది. తలుపు లేపాను, దుంకుతున్న నీళ్లు ఒక్క కుదుపుతో పైకి లేచి తేలాయి. దించాను, ఇంకా తేలుతూనే ఉన్నాయి. మొదట దుంకిన మట్టం దగ్గర తొట్టి మీద ఎర్ర పెయింటుతో గీత పెట్టి ఉంది. నీళ్లు సరిగ్గా ఆ గీత దగ్గర ఉన్నాయి, తేలుతున్నాయి. ఇంకా దించాను. అప్పుడు దుంకాయి.

ఫోటోలు తీయించి పట్నం పోయాను. గైడు గారు వాటిని కాసేపు చూసి తిరిగిచ్చేశారు.

"ఇది రేకుల తొట్టి. ఇంత చిన్నదానిలో రాపిడి, తలతన్యత అన్నీ కలిసిపోతాయి. దీన్ని నమ్మి రాస్తే నన్ను చూసి నవ్వుతారు. చూడమ్మా, నీ మేలు కోరి చెబుతున్నాను. మొదటి మూడు అధ్యాయాలు చాలు. నాలుగోది తీసేయ్, ఈ ఏడే పట్టా ఇప్పిస్తాను. కరీంనగర్‌లో పీజీ సెంటర్లో పోస్టు పడబోతోంది. పట్టా ఉంటే అది నీదే."

ఆ పోస్టు కోసం నేను ఎంత ఆశపడ్డానో చెబితే సిగ్గుచేటు. పట్టా వస్తే అవ్వకు దగ్గరగా ఉండొచ్చు, బీయస్సీ పిల్లలకు ఏటేటా అదే పాఠం చెప్పే పని తప్పుతుంది, నచ్చిన లెక్క నచ్చినట్టు చేసుకోవచ్చు. పట్టా లేకపోతే ఆదిలాబాద్‌లోనే ముసలిదాన్ని అవుతాను. ఆయన అడిగింది కొన్ని కాగితాలు తీసేయమనే. బస్టాండులో కూర్చుని ఏడ్చాను. పక్కన ఒకామె నాకేదో చావు కబురు అందిందనుకుని వీపు నిమిరింది.

మెట్‌పల్లి పోయి అవ్వకు చెప్పాను. ఇంత వివరంగా కాదు. ఒక ముక్క తీసేస్తే పెద్ద సర్టిఫికేట్ ఇస్తామంటున్నారు అని చెప్పాను.

"గా ముక్క అబద్ధమా?" అంది.

"కాదు."

"మరి తీసుడెందుకు?"

"చిన్నదంటున్నరు."

అవ్వ చాట పక్కకు నెట్టింది. "చిన్నదైతే ఆళ్లకేం అడ్డమొచ్చింది? ఉండనియ్యమను," అంది.

తీయనని గైడు గారికి చెప్పేశాను. ఆయన కాగితాల మీద సంతకం పెట్టడం మానేశారు. కరీంనగర్ పోస్టు ఇంకెవరికో పోయింది. నాతో చదివినవాళ్లు రీడర్లయ్యారు. పెళ్లిళ్లలో కనబడితే "ఇంకా కాలేదా?" అని అడిగేవాళ్లు. కాలేదు అని గట్టిగా చెప్పేదాన్ని, నలుగురికీ వినబడేలా. పీహెచ్‌డీ గడువు తీరిపోయే సమయం వచ్చింది. అప్పుడు గైడు గారే కబురు పెట్టారు. థీసిస్ పంపుతాను, కానీ నాలుగో అధ్యాయం మొదట్లో ఒక వాక్యం రాయాలి అన్నారు. ఆ వాక్యం ఆయనే చెప్పారు, నేను రాసుకున్నాను. థీసిస్ ఇంగ్లీషు, తెలుగులో అది ఇలా ఉంటుంది: "ఈ అధ్యాయం నా పర్యవేక్షకుని సలహాకు విరుద్ధంగా రాసినది. దీని బాధ్యత పూర్తిగా నాదే."

"ఇట్లా రాస్తే నీకే నష్టం. వైవాకు వచ్చేవాళ్లు మొట్టమొదట దాన్నే పట్టుకుంటారు," అన్నారు.

"పట్టుకోనియ్యుండ్రి సార్," అన్నాను.

అన్నట్టే పట్టుకున్నారు. పరీక్షకుడిగా వస్తున్న పెద్దాయన మద్రాసు వైపు వారు. నాలుగో అధ్యాయానికి ఆధారం చూపించాలని ముందే రాసి పంపారు. నేను తొట్టిని గోనెపట్టాల్లో చుట్టి బస్సు మీదికెక్కించాను. కండక్టరు నిచ్చెన మీద నిలబడి, "గిదేంది మేడం, బర్లకు కుడితి తొట్టియా?" అన్నాడు. కాదు, డాక్టరేట్ అన్నాను. నా వైపు ఒకసారి ఎగాదిగా చూసి, లగేజీ టికెట్టు కొట్టాడు. నిర్మల్ ఘాటులో బస్సు మలుపు తిరిగినప్పుడల్లా పైన అద్దం పగిలిందేమోనని చప్పుడు కోసం చెవులు రిక్కించేదాన్ని.

వైవా గదిలో ఆ పెద్దాయనా గైడు గారూ పక్కపక్కన కూర్చున్నారు. మూడు అధ్యాయాల మీద ప్రశ్నలు తొందరగానే అయిపోయాయి. నాలుగోది తెరిచి, ఆ వాక్యం దగ్గర వేలు పెట్టి, ఇదేమిటని ఆ పెద్దాయన ఇంగ్లీషులో అడిగారు. గైడు గారు బల్ల వైపు చూస్తున్నారు. ఐదు నిమిషాలు బయటికి రండి అన్నాను.

తోటకు నీళ్లు పట్టే పైపు తొట్టికి తగిలించి ఉంచాను. అద్దానికి ఒక మూల బీట పడింది, దాని మీద కొవ్వొత్తి మైనం పూశాను. నీళ్లు దుంకుతున్నాయి. పెద్దాయన కోటు విప్పి, చొక్కా చేతులు మడిచి, రేకు తలుపు తానే పట్టుకున్నారు. ఎర్ర గీత దాటించి లేపారు, నీళ్లు తేలాయి. గీత దగ్గరికి దించారు, తేలుతూనే ఉన్నాయి. వంగి అద్దంలోంచి చూశారు. ఇంకా దించారు, దుంకాయి. మళ్లీ లేపారు, మళ్లీ దించారు. నమ్మనివాళ్లు ఎలా చేస్తారో అలాగే చేశారు, ఎంతసేపో. నాకు ఆయన మీద గౌరవం కలిగింది.

"తొట్టి మరీ చిన్నది," అన్నారు గైడు గారు.

చిన్న తొట్టిలో జరిగినదాన్ని జరగలేదని నేను రాయలేను కదా అన్నారు పెద్దాయన, రుమాలుతో చేతులు తుడుచుకుంటూ. తర్వాత నా వైపు తిరిగి, నాలుగో అధ్యాయమే మీ థీసిస్, మిగతా మూడూ ఎవరైనా రాస్తారు అన్నారు. తొట్టి అంచు పట్టుకుని నిలబడ్డాను.

ఆయన రైలుకు వెళ్లిపోయాక గైడు గారు నన్ను తన గదికి పిలిచారు. టీ తెప్పించారు. అన్నేళ్లలో అది మొదటిసారి. పరీక్షకుడు అడిగిన చిన్న దిద్దుబాట్లు అక్కడికక్కడే చేత్తో చేసిన థీసిస్ ప్రతి బల్ల మీద ఉంది. గైడు గారి సంతకం ఒక్కటే బాకీ.

"చాలా మంచి పని చేశావమ్మా," అన్నారు. "దీన్ని పేపరుగా పంపుదాం. మనిద్దరి పేర్లతో పోతే బాగా వెళుతుంది. అన్నట్టు, నాలుగో అధ్యాయం ముందు ఆ వాక్యం ఉంది కదా. ఇప్పుడు దాని అవసరం లేదు. ఆ కాగితం మార్చి టైపు చేయించు."

నేను టీ కప్పు కింద పెట్టాను.

"తియ్య సార్."

"అదేంటి? నీకే మచ్చ కదా అది. గైడు మాట వినలేదని."

"మచ్చ కాదు సార్. అయింది అయినట్టున్నది."

"కరీంనగర్‌లో ఇంకో పోస్టు వస్తోంది," అన్నారాయన నెమ్మదిగా. "సెలక్షన్ కమిటీలో నేనూ ఉంటాను."

ఆ పోస్టు నాకు రాదని అప్పుడే తెలిసిపోయింది. రాలేదు. నేను కరీంనగర్ చేరేసరికి తొంభైలు వచ్చాయి, అప్పటికి అవ్వ లేదు. అంతా తెలిసినట్టే ఉంది ఆ నిమిషంలో, అయినా భయం వేయలేదు. ఆయన తెల్ల చొక్కా వైపు, ముందున్న కాగితాల వైపు చూశాను. ఈయన నాకు చదువు చెప్పిన మనిషి. గొంతు పెంచలేకపోయాను.

"ఎందుకమ్మా అంత పంతం?" అన్నారు.

"గది మీరు చెప్పిన వాక్యమే సార్. నేను రాసుకున్న, అక్షరం మార్చలే," అని కలం మూత తీసి ఆయన ముందు పెట్టాను. "సంతకం పెట్టుండ్రి సార్. ఆదిలాబాద్ బస్సుకు టైమైతున్నది."